క్వీన్ గారి టోపీ

ఎద్దుల మీదా గుర్రాల మీదా ఎక్కి మగాళ్ళు ఎముకలు విరగ్గొట్టుకునే మా కౌంటీ రోడియోకి ఈ ఏడు క్వీన్‌ని నేనే. క్వీన్ మెడ విరిగినా క్షమిస్తారు గానీ, కిరీటం తగిలించిన టోపీ కింద పడితే క్షమించరు. అందుకే టోపీని పిన్నులతో జుట్టుకి దాదాపు కుట్టేసుకున్నాను.

నా గుర్రం కుంటుతోందని ముసలి ఆర్విల్ తన ఇంటి గుర్రాన్ని ఇచ్చాడు. అది మొన్న వసంతంలో పోయిన ఆయన భార్య నార్మాది.

పోటీలకి ముందు క్వీన్ గుర్రమెక్కి మైదానం చుట్టూ ఒక రౌండు తిరగాలి. గేటు తెరుచుకుంది. పళ్ళన్నీ కనపడేలా నవ్వి చెయ్యి ఊపడం మొదలెట్టాను. గుర్రం ఒక్క దూకు దూకింది. నవ్వు చెదరకుండానే గేటుకి ఇవతల బురదలో పడ్డాను. నేను లేని లోటేమీ తెలియనట్టు, అది ఒక్కతే మైదానంలోకి వెళ్ళిపోయింది.

ఇక గోలగా నవ్వుతారనుకున్నాను. చప్పుడే లేదు. కమ్మీల సందులోంచి చూస్తే జనమంతా లేచి, టోపీలు తీసి గుండెకి ఆనించుకున్నారు. మా దగ్గర ఖాళీ జీనుతో గుర్రం తిరిగిందంటే ఎవరో పోయారని, వాళ్ళ జ్ఞాపకార్థమని అర్థం. కొంపదీసి నేను పోయాననుకున్నారా?

ఆర్విల్ పరుగున వచ్చాడు. కళ్ళనిండా నీళ్ళు, నా ఒంటిమీది బురద ఆయనకి కనపడలేదు.

"నార్మాని అందరూ మరిచిపోయారనుకున్నా తల్లీ. నువ్వు నీ రౌండు కూడా వదులుకుని గుర్రాన్ని పంపించావా!"

"అదేం కాదు తాతా, నేను..."

గుర్రం ఇంకా తిరుగుతోంది. నోరు మూసుకుని, టోపీని రెండు చేతులతో లాగాను. గుప్పెడు జుట్టుతో సహా ఊడొచ్చింది.