ఎర్ర బల్బు

"కీ తిప్పన్నా," అన్నాడు బానెట్ మీదికి వంగిన ఎలక్ట్రీషియన్.

సీట్లో కూర్చున్న లారీ ఓనరు తిప్పాడు.

"డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలిగిందా?"

"లేదు. వెలగలేదంటే చార్జింగ్ బాగున్నట్టే కదా?"

"ఇంజన్ నడిచేటప్పుడు వెలగకూడదు. కీ తిప్పగానే మాత్రం వెలగాలి. ఈ పాత బండ్లలో ఆ బల్బులోంచి వెళ్లే కరెంటుతోనే డైనమో మేలుకుంటుంది. అది లేకపోతే బ్యాటరీకి చార్జింగ్ ఎక్కదు."

డాష్‌బోర్డు విప్పి చూస్తే బల్బు ఉండాల్సిన చోట ఖాళీ.

"ఎవరో తీశారన్నా. స్క్రూలన్నీ మళ్లీ పొందిగ్గా బిగించారు. పని తెలిసిన చెయ్యి."

లారీ కొందామని బేరానికి వచ్చినవాళ్లు ఇద్దరూ అది స్టార్టు కాక తిరిగి వెళ్లిపోయారు. మూడోవాడు కాసేపట్లో వస్తాడు.

ఓనరు ఇంటి వైపు చూశాడు. మెట్ల మీద భార్య బీన్స్ తరుగుతోంది. పొద్దున్న లేస్తే చాలు, ఆ డొక్కుని వదిలించుకోమని పోరు పెట్టేది ఆవిడే. ఇన్నేళ్లూ పక్క సీట్లో తిరిగి, బండి ఆగినచోటల్లా స్క్రూడ్రైవర్ అందించిందీ ఆవిడే. ఇప్పుడు తలెత్తకుండా, తరిగిన ముక్కల్నే మళ్లీ తరుగుతోంది.

"కొత్త బల్బు వెయ్యమంటావా అన్నా?"

"ఆ వచ్చేవాడు చూసి వెళ్లనీ. తర్వాత వేద్దువుగాని."

ఎలక్ట్రీషియన్ చేతిలోని కొత్త బల్బుని మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"ఈసారైనా అమ్ముడుపోతుందంటారా?" అంది ఆవిడ, కత్తి ఆపకుండా.

"ఈ డొక్కుని ఎవడు కొంటాడే," అన్నాడు ఓనరు, పక్క సీటు మీది దుమ్ము దులుపుతూ.