ఆర్కిడ్ పరీక్ష

"ఈ కుండీ ఇవాళే బయటికెళ్లాలి," అన్నారు అత్తగారు.

ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. వీడ్కోలు సభలో ఇచ్చిన ఆ ఆర్కిడ్ మూడేళ్లుగా ఒక్క మొగ్గా వెయ్యకుండా హాల్లో ఓ మూల నాలుగాకులతో కూర్చుంది.

కొత్త కోడలు కుండీకి అడ్డంగా నిలబడింది. "మూడు నెలలివ్వండి అత్తయ్యా. పూయిస్తాను."

"పుయ్యకపోతే?"

"నా చేత్తో నేనే పారేస్తాను."

"పరీక్ష వాయిదా పడదు మరి," అంటూ ఆవిడ జుట్టు ముడికి ఎర్ర క్లిప్పు బిగించుకున్నారు.

ఆ సాయంత్రమే కుండీ పడగ్గది కిటికీ గట్టెక్కింది. అక్కడ వెలుతురుంటుంది, ఎండ పడదు. కుండీలో మట్టికి బదులు వేసిన బెరడు ముక్కలు ఆరితేనే నీళ్లు. రాత్రిళ్లు చల్లగాలి తగిలితేనే మొగ్గ తొడుగుతుందని చదివి, కిటికీ తలుపు తెరిచే ఉంచింది. కుండీ అటూ ఇటూ తిప్పితే మొగ్గ అలుగుతుందట. అందుకని కదలకుండా చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది. పెళ్లిపీటల మీద తనని కూడా ఇంత శ్రద్ధగా చూడలేదని భర్త వాపోయాడు.

ఐదో వారంలో ఆకుల మధ్య నుంచి ఆకుపచ్చటి మొన ఒకటి తొంగిచూసింది. ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు. గడ్డం గీసుకుంటున్న భర్తని సబ్బు నురగతోనే లాక్కొచ్చింది. అతను వంగి చూసి, అది పూలకాడలా లేదు, వేరులా ఉందన్నాడు. కళ్లజోడు పెట్టించుకోమని సలహా ఇచ్చి, ఆమె ఆ మొనకి చిన్న పుల్ల ఊతంగా పాతింది. రోజూ దాన్నే చూసుకుని మురిసిపోయింది. కాకిపిల్ల కాకికి ముద్దు.

అత్తగారు మాత్రం పొద్దున్నే నడకకి వెళ్లొచ్చి పేపరు చదువుకునేవారు. ఓ రోజు ఆవిడ ముడి వదులుగా వేలాడుతుంటే, క్లిప్పు ఏదని అడిగింది కోడలు.

"ఎక్కడో పెట్టాన్లే."

గడువు రోజు రానే వచ్చింది. ఆ ఆకుపచ్చటి మొన అప్పటికే వెండిరంగుకి తిరిగి, పుల్ల మీంచి వంగి, బుద్ధిగా కుండీలోకి దిగిపోయింది. అచ్చమైన వేరు. కోడలు కళ్లు తుడుచుకుంది. మాట మాటే. రెండు చేతులా కుండీ పట్టుకుంది.

"ఆగు," అన్నారు గుమ్మంలోంచి అత్తగారు. "ముందు వీధిలోకెళ్లి ఈ కిటికీ ఎదురుగా నిలబడు."

"ఎందుకత్తయ్యా? ఓడిపోయాగా."

"పేపరు దిద్దకుండానే సున్నా వేసుకుంటావా? వెళ్లమన్నానా."

వెళ్లింది. కూరగాయల బండి దగ్గర ఎదురింటావిడ ఆమెని ఎగాదిగా చూసింది.

"పూలు పూయించింది నువ్వేనామ్మా? వారం నుంచి మీ అత్తగారు దారిన పోయేవాళ్లందర్నీ ఆపి మరీ చూపిస్తున్నారు, మా కోడలి పనితనం అని."

కోడలు తలెత్తింది. తను ఒక్కసారీ తిప్పని కుండీ వెనకవైపు నుంచి, వెలుతురు వెతుక్కుంటూ ఆకుల చాటుగా కిటికీ ఊచల్లోంచి బయటికొచ్చేసిన కాడకి ఐదు తెల్లటి పూలు. గాలి గట్టిగానే వీస్తోంది, అయినా కాడ ఊగడం లేదు. దాన్ని ఊచకి ఆనించి పట్టుకుని ఉంది, అత్తగారి ఎర్ర క్లిప్పు.