ఉతికే ఎలుగుబంటి

జూలో రకూన్ల ఆవరణ ముందు జనం పోగయ్యారు. దూరంగా చెట్టు చాటున నిలబడ్డ గైడమ్మకు కడుపు రగిలిపోయింది.

ఇరవై రెండేళ్ళు ఆ చోటు తనది. నాలుగేళ్ళ నుంచి ఆవిడది.

"రకూన్ అంటే చేతులతో గీకేది అని అర్థం. దాన్ని మొదట చూసిన అమెరికా ఆదివాసులు పెట్టుకున్న పేరు. కొన్ని భాషల్లో ఉతికే ఎలుగుబంటి అంటారు. నిజానికిది ఎలుగుబంటీ కాదు, దీనికి ఉతకడమూ రాదు."

జనం నవ్వారు.

"తిండిని నీళ్ళలో ముంచేది కడగడానికి కాదు. తడిస్తే దాని వేళ్ళకు స్పర్శ ఇంకా బాగా తెలుస్తుంది. తడిమి పోల్చుకుంటుందన్నమాట. కళ్ళ చుట్టూ ఆ నల్ల ముసుగు చూశారా? ఇళ్ళలో దూరి తిండి కొట్టేస్తుంది కూడా. మనవాళ్ళయితే చేతివాటం చెల్లాయి అని పేరు పెట్టేవాళ్ళు."

మళ్ళీ నవ్వులు. ఆ చమత్కారం గైడమ్మదే. అక్షరం పొల్లు పోలేదు. నవ్వు కోసం ఆగిన ఆ క్షణం కూడా తనదే.

ఇప్పుడామె పని గేటు దగ్గర టికెట్లు చించడం. ఎవరు పలకరించినా తలూపి ఊరుకుంటుంది. పొగరనుకునేవాళ్ళు అనుకుంటారు.

రకూన్లకు తిండి పెట్టే కీపర్ సర్దిచెప్పబోయాడు.

"ఎందుకక్కా అంత కుళ్ళు? జనం ఎంత సంబరంగా వింటున్నారో చూడు."

గైడమ్మ మొహం తిప్పేసుకుంది.

'ఆవిడ నోరు మూయించండి. లేదా నన్ను పంపేయండి' అని పై అధికారికి ఎన్నిసార్లు రాసిందో అన్నిసార్లూ చించేసింది. ఆ ఆదివారం మాత్రం కాగితం మడిచి గుప్పిట్లో పెట్టుకుని ఆఫీసు వైపు బయల్దేరింది.

దారిలో కూతురు ఎదురైంది. మూడేళ్ళ మనవరాలికి జూ చూడటం ఇదే మొదలు. గైడమ్మ చేతులు చాచింది. పిల్ల రాలేదు. పరుగున వెళ్ళి రకూన్ల ఆవరణ కమ్మీలు పట్టుకుని, నోరు తెరుచుకుని వినసాగింది. ఎత్తుకోబోతే విదిలించుకుంది.

"ఉండు అమ్మమ్మా, చెబుతోందిగా."

చివరికి ఇది కూడా ఆవిడ పక్షమే. గైడమ్మ గుప్పిట్లో కాగితం నలిగింది.

పిల్ల అటూ ఇటూ వెతికి, తల్లి కొంగు లాగింది. "చెప్పే ఆవిడ ఏదమ్మా?"

"మీ అమ్మమ్మేనమ్మా," అంది కూతురు, చూరు కింద వేలాడుతున్న స్పీకర్‌ని చూపిస్తూ, "నువ్వు పుట్టకముందు, ఆపరేషన్‌లో గొంతు తీసేసే ముందురోజు, ఇవన్నీ చెప్పి రికార్డు చేయించింది."