దొరగారి గంట

మా జమైకా పల్లెలో చర్చి మెట్లమీదే పాస్టర్ లిన్వల్ ఒక ముసలామెను ఆపాడు.

"ఇసిల్డా అవ్వా, మళ్ళీ ఆలస్యమే! పాటల బృందంలోంచి తీసేస్తాను."

"ఇక్కడే నిలబడ్డానయ్యా. గంట ఆగనీ అని."

"అదేం పట్టింపు?"

"అది ఒకప్పుడు చెరకుతోటలో బానిసల్ని పనికి పిలిచిన గంట. అది మోగితే మా ముత్తవ్వ కొరడాకు భయపడి పరుగెత్తేది. బానిసత్వం పోయిన రోజున ఒట్టేసింది, మా ఇంట్లో ఎవరూ దాని పిలుపుకు కదలకూడదని. తర్వాత తోట దొర దాన్ని ఈ చర్చికిచ్చేశాడు."

పాస్టర్ గంటమీద చెక్కిన దొర పేరు చూశాడు. దాతగా ఆ పేరుకు ఏటా స్తోత్రం చెప్పేది తనే.

మరుసటి ఆదివారం గంట తాడు ఆమె చేతికిచ్చాడు. "ఇకనుంచి నువ్వే కొట్టు. నీ ఇష్టమొచ్చినప్పుడు."

అవ్వ తాపీగా మామిడిపండు ముగించి, చెయ్యి తుడుచుకుని, గంట కొట్టింది.

"పరుగెత్తవయ్యా, ఆలస్యమవుతోంది!"

పొడుగు అంగీ ఎత్తిపట్టుకుని పాస్టర్ చర్చిలోకి పరుగెత్తాడు.