ఎడమచేతి కొడవలి

“ఈ కొడవలి చేసినవాడెవడో గానీ, తాగి చేసినట్టున్నాడు,” అన్నాడు మేస్త్రీ.

ఉలికి మొన తీయించుకోడానికి వచ్చినవాడు ఊరికే కూర్చోలేక, దాకలి దిమ్మ పక్కనున్న పాత కొడవలిని తిప్పి చూస్తున్నాడు.

“చూడు వదినా, పళ్లు రెండో వైపు కొట్టాడు. దీంతో కోస్తే చేను కంటే ముందు కాలు తెగుతుంది.”

“చేసింది నేనే,” అంది కమ్మరి, పట్టుకారులో ఎర్రగా కాలిన ఇనుము మీంచి చూపు తిప్పకుండా.

మేస్త్రీ కొడవలిని ఎక్కడిదక్కడ పెట్టేశాడు.

ఎదురుగా సమ్మెట పట్టుకుని నిలబడ్డ ఆమె మొగుడు పకపకా నవ్వాడు. ఆమె చిన్న సుత్తితో తట్టిన చోటే అతను సమ్మెట దించాలి.

“ఇంట్లోనూ ఇదే వరస మేస్త్రీ. ఆవిడ తట్టడం, నేను దించడం.”

గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

“అది తప్పు కాదులే బాబూ. నాది ఎడమచేతి వాటం. కొడవలి నాదే.”

ఏటా కోతల ముందు వస్తాడాయన. వాగు అవతలి నుంచి. పళ్లు కొట్టించుకుని, కొడవలిని ఎడమ చేత్తో అందుకుని, తువ్వాలులో చుట్టుకుని వెళ్లిపోతాడు. కొలిమిలో ఆయన పేరు ఎడమచేతి బాబాయ్. అంతకు మించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

“దాని కథ నీకు తెలీదు కదూ,” అన్నాడు మొగుడు. “ఆడపిల్లకి సుత్తి ఇవ్వనన్నాడయ్యా మా మామ. ఇదేమో వదల్లేదు. చివరికి విసుగొచ్చి, ‘ఒక్క కొడవలి చెయ్యి. ఎవరైనా కొంటే సుత్తి నీది. కొనకపోతే కొలిమి తిత్తి తాడు లాగుతూ కూర్చో, మళ్లీ నోరెత్తకు’ అన్నాడు.”

“చేసిందా?”

“చేసింది. కానీ పని నేర్చింది తిత్తి దగ్గర కూర్చుని కదా, నాన్నకి ఎదురుగా. ఆయన కుడి దీనికి ఎడమ. పళ్లన్నీ రెండో వైపు పడ్డాయి.”

కమ్మరి సుత్తి ఆపింది.

“నాన్న చూసి నవ్వాడు. పట్టుకారుతో పట్టి మళ్లీ నిప్పుల్లో పెట్టబోయాడు. తాడు పట్టుకుని ఏడుపు బిగబట్టుకున్నాను. అప్పుడే గుమ్మంలోంచి బాబాయ్ ఎడమ చెయ్యి చాచాడు. ‘ఆగండాగండి, నాది ఎడమచేతి వాటం. ఇలాంటిదాని కోసమే తిరుగుతున్నా’ అన్నాడు.”

పెద్దాయన తల వంచుకుని తన చేతులు చూసుకున్నాడు. కుడి చిటికెన వేలికి కొస లేదు.

“ఆ సాయంత్రమే నాన్న సుత్తి నా చేతికిచ్చాడు,” అంది ఆమె.

మేస్త్రీ వెళ్లాక ఆమె పాత కొడవలి అందుకుంది. ఏళ్ల తరబడి అరిగి సన్నని రేకులా మిగిలింది. ఉలి ఆనించగానే వంగిపోయింది.

“ఇక పళ్లు పట్టదు బాబాయ్. కొత్తది చేసిస్తా.”

“కొత్తదా?” ఆయన తటపటాయించాడు. “అవిగో, గోడకి బోలెడున్నాయిగా తల్లీ. వాటిలోంచే ఒకటి ఇచ్చెయ్యరాదూ?”

“కుడిచేతివి నువ్వేం చేసుకుంటావు?”

ఆయన ఏదో అనబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

“నిజమే. ఏం చేసుకుంటాను! ఎడమచేతిదే చెయ్యి.”

పాతదాన్ని మాత్రం పారెయ్యనివ్వలేదు. తువ్వాలులో చుట్టుకున్నాడు.

కోతల ముందు కొలిమి తిరనాళ్లలా ఉంది. బాబాయ్ కొడవలి హడావుడిగా చేసేది కాదని ఆమె దాన్ని పక్కన ఉంచింది. మధ్యలో ఒకసారి ఆయన వచ్చాడు.

“ఇంకా అవలేదు బాబాయ్.”

“తొందరేం లేదు తల్లీ,” అని కాసేపు కూర్చుని, ఆమె సుత్తి కొట్టడం చూసి వెళ్లాడు.

మళ్లీ రాలేదు.

ఆ తర్వాత తీరిక చూసుకుని చేసింది. ఉక్కు ముక్క ఏరి పెట్టుకుంది. మొగుణ్ణి సమ్మెట ముట్టుకోనివ్వలేదు. పళ్లు కొట్టేటప్పుడు ఎవరినీ పలకరించనివ్వలేదు. పిడిని ఎడమ అరచేతికి ఒదిగేలా చెక్కింది.

కోతలు సగమయ్యాయి. ఆయన జాడ లేదు. తనే వాగు దాటి వెళ్లింది.

“ఎడమ చేత్తో కోసే ఆయనా?” దారిలో అడిగితే ఒకడు గొంతు తగ్గించాడు. “ఆ చివరి ఇల్లు.”

వాకిట్లో ఆయన భార్య ఒక్కతే కూర్చుని ఉంది. వెనక గోడకి పాత కొడవలి వేలాడుతోంది. నూనె రాసినట్టు మెరుస్తోంది.

“ఒంట్లో నలతగా ఉందని పడుకున్నాడమ్మా,” అందావిడ, ఆమె చేతిలోని కొత్త కొడవలి చూసి. “ఇక లేవలేదు.”

కమ్మరి అరుగు మీద కూలబడిపోయింది. ఒళ్లో కొత్త కొడవలి.

“ఆలస్యం చేశాను పిన్నీ.”

“నువ్వేం చేస్తావమ్మా.”

“ఇది ఎడమచేతి వాటం కోసమే చేసింది. ఇంట్లో ఇంకెవరికైనా ఆ వాటం ఉంటే ఉంచండి. ఆయన పేరు చెప్పి వాడుకుంటారు.”

ఆవిడ అర్థం కానట్టు చూసింది.

“ఇంకెవరికైనా ఏమిటమ్మా, ఆయనకి మాత్రం ఎక్కడుంది? గొడ్డలి ఎత్తినా రాయి విసిరినా కుడిచెయ్యే. పెళ్లైన కొత్తలో ఎక్కణ్ణించో ఆ కొడవలి తెచ్చి, చేలో అందరూ నవ్వుతున్నా, చిటికెన వేలు తెగినా వదలకుండా, అదొక్కటీ ఎడమ చేత్తో పట్టడం నేర్చుకున్నాడు.”