రెండు వాకిళ్ల కలుగు

చేనిగట్టు కింద ఒక ఎలుక మూడు రోజులు గోళ్లరిగేలా మట్టి తోడి కలుగు తవ్వుకుంది. ముందొక వాకిలి, వెనక గడ్డి చాటున ఇంకో వాకిలి. ఏ ఎలుకైనా అలాగే తవ్వుతుంది.

నాలుగో రోజు పొద్దున్నే ముందు వాకిట్లోంచి జెర్రిపోతు తల దూర్చింది.

"అయ్యా, ఇది నా ఇల్లండీ," అంది ఎలుక వణికిపోతూ.

"ఇల్లేమిటే పిచ్చిదానా! కలుగంటే నీకు ఇల్లేమో, నాకు మాత్రం హోటల్," అంటూ పాము తీరిగ్గా లోపలికి పాకింది.

ఎలుక వెనక వాకిట్లోంచి బయటపడి, దానికి ఒక మట్టిపెళ్ల అడ్డం దొర్లించింది. గబగబా పక్కనున్న తుమ్మచెట్టెక్కి, గట్టు మీద పోతున్న ముంగిసను కేకేసింది.

"మామా, టిఫిన్ చేశావా?"

"ఎక్కడ? పొద్దుట్నించీ తిరుగుతూనే ఉన్నా," అంది ముంగిస, చెట్టు మీది ఎలుకను ఆశగా చూస్తూ.

"నా వంక చూడకు, నేను ఒక్క ముద్దకు కూడా చాలను. నీ కాళ్ల కిందే ఇవాళ కొత్త హోటల్ తెరిచారు. వేడివేడిగా లోపలుంది, వెళ్లు."

ముంగిస కలుగులోకి ముక్కు పెట్టింది.

లోపలి నుంచి జెర్రిపోతు గొంతు వణుకుతూ వినిపించింది.

"అయ్యా, ఇది నా ఇల్లండీ!"