అడుగు పొర

“ఖాళీ డబ్బా కొట్టినట్టుంది అబ్బాయ్. మీ అన్నయ్య బీట్ మోగితే గది నిండిపోయేది,” అంది వదిన గుమ్మంలోనే నిలబడి. భర్త పోయాక, ఆయన పాటలు కట్టుకున్న ఈ గది దాకా ఆమె రావడం ఇదే మొదటిసారి.

మరిది మొహం చిన్నబోయింది. అన్న సగంలో వదిలేసిన ర్యాప్ పాట అది. డ్రమ్ము మీద డ్రమ్ము వేశాడు, బేస్ పెంచాడు. అంతా బూడిదలో పోసిన పన్నీరే అయింది.

“అన్నయ్య పాత బీట్లన్నిటి అడుగునా ఏదో మూలుగుంది వదినా. అదే నాకు అంతుపట్టడం లేదు.”

“మూలుగేంటి? ఏదీ, వినిపించు.”

నూతిలోంచి వచ్చినట్టు ఒక బరువైన శబ్దం నేలంతా పాకింది. వదిన గుమ్మం దాటి లోపలికొచ్చింది.

“ఎవరిదది?”

“అన్నయ్య ఏదో గొంతుని బాగా సాగదీసి పెట్టాడు. ఉండు, అసలు వేగానికి తెస్తాను.”

మూలుగు సన్నబడింది. మాటలుగా మారింది.

“ఏవండీ! అన్నం చల్లారిపోతోంది. వినపడుతోందా?”

వదిన గొంతే. వెనకే తలుపు బాదుతున్న చప్పుడు.

“ఒక్కనాడూ పలికేవారు కాదు,” అందామె. “గోడకి చెప్పుకుంటున్నాననుకుని ఎన్ని మాటలన్నానో!”

“ఈ చివరి పాటకి అడుగున నీ గొంతు పొర వెయ్యకుండానే పోయాడు వదినా.”

 ఆమె బయటికి వెళ్లి తలుపు మూసింది. మరిది రికార్డింగ్ మొదలుపెట్టగానే ఆమె తలుపు బాదింది.

“ఏవండీ... అన్నం చల్లారిపోతోంది. వినపడుతోందా?”

ఎప్పటిలాగే లోపలినుంచి జవాబు లేదు.